రాజుల జట్టునకు నాయకుడు: సి. కె. నాయుడు

పల్నాటివారికి నాయకత్వమును గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. మాచర్ల చెన్నకేశవస్వామి కోవెల ముంగిట ఆడుకొను బాలునకు సైతము బ్రహ్మనాయుని కథ తెలియును. పుట్టుకయే మనుజుని చోటును నిర్ణయించుచున్న పన్నెండవ శతాబ్దమున, ఆ మంత్రి చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెననియు, మాల కులమున జన్మించిన కన్నమదాసును తన సేనకు అధిపతిని గావించెననియు మన వీరగాథలు చెప్పుచున్నవి. సేనను నడుపవలసినవాడు సింహాసనమున కూర్చున్నవాడా, కత్తి పట్ట నేర్చినవాడా అను ప్రశ్నకు ఆనాడు మాచర్లలో దొరకిన సమాధానమది.

ఇంచుమించు ఏడువందల యేబది యేండ్ల పిమ్మట ఆ ప్రశ్నయే వేరొక రంగమున తలయెత్తినది. ఈ పర్యాయము అది కారెంపూడి రణరంగము గాదు, లండను నగరమందలి లార్డ్సు క్రికెట్టు మైదానము. వీరుల చేతులలో నున్నవి కత్తులు గావు, కొయ్యబ్యాట్లు. నడుమ నిలిచినవాడు మాత్రము మరల ఒక నాయుడే. నాయుడను మాట నాయక శబ్దమునుండి వచ్చినదని తెలుగు ఉపాధ్యాయులు తరగతిలో చెప్పుచుందురు గదా! ఆ వ్యుత్పత్తికి కొఠారి కనకయ్య నాయుడుగారి జీవితమునకు మించిన ఉదాహరణము నాకు స్ఫురించుట లేదు.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరునందు జన్మించిరి. వీరి పూర్వులు మచిలీపట్నపు వైపునుండి తరలిపోయినవారని చెప్పుదురు. నాగపూరు ప్రాంతమునకు తెలుగువారు క్రొత్తవారు గారు. ఆ ఊరి చెంతనున్న కాంప్టీలో మదరాసు సైన్యము దండు విడిసిన నాటినుండియు అక్కడ తెలుగు కుటుంబములు స్థిరపడుచునే యుండెను. కొఠారివారిది చదువును, న్యాయశాస్త్రపు పరిచయమును గల సంపన్న గృహము. కనకయ్యకు చిన్ననాటనే బంతియు బ్యాటును పట్టువడెను. ఆరడుగులకు మించిన పొడవు, వెడల్పయిన భుజములు, ఇనుమువంటి మణికట్లు. క్రికెట్టుతో పాటు హాకీ, ఫుట్‌బాలు ఆటలయందును ఆయన ఆరితేరినవారే. అయినను లోకము ఆయనను గుర్తుంచుకొన్నది క్రికెట్టు వలననే.

ఆ కాలమున మన దేశపు క్రికెట్టునకు కేంద్రము బొంబాయి. అచట ఏటేట జరుగు పోటీలో జట్లు ఊళ్ళనుబట్టి గాక మతమునుబట్టి ఏర్పడుచుండెను. తెల్లవారిదొక జట్టు, పారసీలదొకటి, హిందువులదొకటి, ముస్లిములదొకటి. ఈ ఏర్పాటులోని చెడుగును తరువాతి తరము గ్రహించినది. 1940 నాటికి గాంధీమహాత్ముడు దీనిని నిరసించెను. 1946తో అది అంతరించెను. ఐనను మన ఆటగాండ్లు తెల్లదొరలతో సరిసమానముగా నిలిచి పోరాడుటకు ఆ దినములలో దొరకిన చోటు అదియొక్కటే.

హిందువుల జట్టులోనే నాయకత్వమును గూర్చిన తగవొకటి చిరకాలము నలిగెను. పాల్వంకర్ బాలూ అను చర్మకార కులజుడు ఆనాటి భారతీయ బౌలర్లలో అగ్రగణ్యుడు. వికెట్లు తీయుటకు ఆయన కావలెను, నాయకుడగుటకు మాత్రము ఆయన కులము అడ్డువచ్చెను. ఆయనకు దక్కని ఆ గౌరవము ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కినది. బ్రహ్మనాయుడు చేసిన పనిని మరల చేయుటకు మనవారికి ఎన్ని శతాబ్దములు పట్టెనో చూడుడు! నాయుడుగారు ఎదిగివచ్చిన జట్టు ఇట్టిది.

ఆ జట్టులో ఆయన మొదటిసారి అడుగుపెట్టినది 1916లో, యూరోపియనుల పైన. వయస్సు ఇరువది యొకటి. జట్టు పరిస్థితి బాగుగా లేదు. ఏడు వికెట్లు పడిపోయిన తరువాత, తొమ్మిదవ ఆటగాడుగా ఈ యువకుడు వచ్చెను. మొదటి మూడు బంతులను వినయముగా అడ్డుకొనెను. నాలుగవ బంతిని సిక్సరు కొట్టెను. తరువాతి నలుబది యేండ్ల ఆటకు ఈ నాలుగు బంతులే సూత్రప్రాయములు. తొలుత పరీక్షించుట, పిదప భయము లేక విరుచుకుపడుట. మదరాసు చేపాకు మైదానమునుండి ఆయన కొట్టిన బంతి బయటి కొబ్బరిచెట్ల దాపున పడెనని అచటివారు బహుకాలము చెప్పుకొనెడివారు.

1923లో ఇందూరు సంస్థానాధీశుడైన హోల్కరు మహారాజు ఆయనను పిలిపించుకొని తన సైన్యమున కెప్టెనుగా నియమించెను. క్రమముగా ఆయన కర్నలైరి. ఆ దినములలో క్రికెట్టు ఆడి పొట్ట పోసికొను మార్గము లేదు. ఆటగాడు బ్రదుకవలెనన్న ఏదో యొక సంస్థానాధిపతి నీడను చేరవలసినదే. నాయుడుగారును చేరిరి. రాజులతో ఆయనకు తరువాత కలిగిన చిక్కులను చదువునప్పుడు ఈ సంగతిని మరువరాదు. ఆయన తినినదియు రాజుగారి యుప్పే. అయితే హోల్కరు తన జట్టును తాను నడుపబూనలేదు, నడుపగలవానిని తెచ్చి నిలిపినాడు. వివేకి.

ఇక 1926. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు వచ్చెను. ఊరూర తిరిగి ఆడుచుండెను, ఎచటను ఓడుట లేదు. బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో ఆట. ముందుగా ఆడిన తెల్లవారు 363 పరుగులు చేసిరి. గై ఎర్ల్ అను బలశాలి 130 పరుగులు సాధించుచు సిక్సర్లతో ప్రేక్షకులను దిగ్భ్రమ నొందించెను. మరునాడు డిసెంబరు 1. నాయుడుగారు బ్యాటు పట్టుకొని వచ్చిరి. రెండు గంటలు నిండకమునుపే 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లు పదునొకండు. బంతి జింఖానా భవనపు కప్పుపై పడుచుండెను. వార్త నగరమంతట ప్రాకి, కచేరీలనుండియు అంగళ్ళనుండియు జనము మైదానమునకు పరుగెత్తెను. చోటు దొరకనివారు చెట్లెక్కిరి, మేడలెక్కిరి.

ఆ భవనపు కప్పు మాట ఒకింత ఆలోచింపదగినది. బొంబాయి జింఖానా తెల్లవారి సంఘము. భారతీయుడు మైదానమున ఆడవచ్చును గాని సభ్యుడై లోన కూర్చుండుటకు వీలు లేదు. తాను లోనికి పోరాని భవనముమీదికి ఆయన పదేపదే బంతిని పంపుచుండెను. పుల్లరి కట్టమని ఎదురుతిరిగి కన్నెగంటి హనుమంతు మించాలపాడున గుండ్లకు ఎదురొడ్డి కన్నుమూసి అప్పటికి నాలుగేండ్లే అయినది. రెండు సంగతులును సమానములని నేననను. ప్రాణమిచ్చుట వేరు, ఆట వేరు. అయినను చెట్లెక్కి చూచుచున్న బొంబాయి జనము ఆ దినమున లెక్కించినది పరుగులను మాత్రమే యని అనుకొనుటయు పొరపాటే. ఓడిన పక్షమువారి పౌరుషమును తీర్చు ఆటయది. ఎం.సి.సి. వారు పెద్దమనుష్యులై నాయుడుగారికి వెండి బ్యాటు నొకదానిని బహూకరించిరి. మన క్రికెట్టు అంతర్జాతీయపు టెస్టు పోటీలకు తగినదని గిల్లిగన్ గ్రహించి ప్రోత్సహింపగా, 1928 డిసెంబరులో భారత క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడెను. ఆ గ్రహింపునకు డిసెంబరు 1వ తేదీనాటి ఆటయును ఒక కారణమని చెప్పుదురు.

మండలి ఏర్పడినది, జట్టును ఇంగ్లండుకు పంపవలెను. డబ్బెవరిది? ఓడ ఖర్చు, బస ఖర్చు, ఎంపిక పోటీల ఖర్చు అన్నియు రాజులవి. ఎవరి ధనమో వారిదే నాయకత్వమన్న న్యాయము సహజముగా ఏర్పడినది. పైగా భిన్న మతములవారు, భిన్న ప్రాంతములవారు గల జట్టులో ఒక మహారాజు ఉన్నచో అందరును తలయొగ్గుదురన్న వాదమొకటి యుండెను. సాటివానిక్రింద ఆడుట కిష్టపడనివాడును రాజుక్రింద ఆడును. మన బలహీనతను మనమే ఒప్పుకొను వాదమిది, కాని ఆనాడు చలామణి యయ్యెను.

1932 పర్యటనకు మొదట పాటియాలా మహారాజును నాయకునిగా అనుకొనిరి. ఆయన తప్పుకొనెను. పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాజవంశీయుడు ఘనశ్యామ్‌సింహ్‌జీ ఉపనాయకుడు అని తేల్చిరి. నాయుడుగారు సామాన్య సభ్యులు. పోరుబందరు మహారాజును గూర్చి హాస్యముగా చెప్పుకొను మాటలు పెక్కులు గలవు. ఆ పర్యటనలో ఆయన చేసిన పరుగులను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఐనను ఆయనను ఎగతాళి చేయుట నాకు నచ్చదు. తనకు ఆట రాదని తెలిసికొనుట ఒక విద్య. తెలిసికొని తప్పుకొనుట మరింత పెద్ద విద్య. కొన్ని ఆటలు కాగానే ఆ మహారాజు తనంతట తాను వెనుకకు తగ్గెను. లింబ్డీ ఉపనాయకునకు టెస్టునకు ముందు వెన్ను నొప్పి పట్టుకొనెను. అంతట భారతదేశపు మొట్టమొదటి టెస్టునకు నాయకత్వము నాయుడుగారిని వెదకికొని వచ్చినది.

రాజు పక్కకు తొలగినాడు, నిజమే. సాటివారు ఒప్పుకొనిరా? లేదు. టెస్టునకు ముందటి రాత్రి కొందరు ఆటగాండ్లు నాయుడుగారి నాయకత్వమున ఆడమని తిరుగబడిరని చరిత్రకారులు వ్రాసినారు. కారణములు వెదకుట కష్టము గాదు. నాయుడుగారు మృదువుగా మాటలాడు మనిషి గారు. సైనికోద్యోగి. మైదానమున అలసత్వమును సహింపరు. దెబ్బ తగిలినచోట చేతితో రుద్దుకొనుట సైతము ఆయన దృష్టిలో తప్పు, ఎదిరికి మన నొప్పి తెలియరాదని ఆయన నియమము. ఇట్టివాని క్రింద పనిచేయుట పలువురకు కష్టముగా తోచును. మహారాజు కోపించిన సహింతురు, తమవంటివాడు మందలించిన సహింపరు. పోరుబందరు మహారాజు ఆ మొరను చెవిని బెట్టక నాయుడుగారి పక్షముననే నిలిచెను. ఆ మహారాజు పర్యటన మొత్తమున చేసిన మేలైన పని ఇదియే యని నా యభిప్రాయము.

1932 జూన్ 25వ తేదీ శనివారము. ఇంగ్లండు నాయకుడు డగ్లస్ జార్డిన్. హోమ్స్, సట్‌క్లిఫ్ అను ప్రసిద్ధులు మొదట బ్యాటు పట్టిరి. అరగంట లోపల మహమ్మదు నిస్సార్ వేసిన వేగవంతములగు బంతులకు ఇద్దరి వికెట్లును ఎగిరిపోయెను. లాల్‌సింగ్ మెరుపువలె బంతినందుకొని వూలీని రనౌటు గావించెను. పందొమ్మిది పరుగులకు మూడు వికెట్లు! మొదటిసారి టెస్టు ఆడుచున్న దేశమిది యని లార్డ్సులోని పెద్దలు నమ్మలేక చూచిరి. జార్డిన్ 79 పరుగులతో నిలబెట్టుటచే ఇంగ్లండు 259కి చేరెను. నిస్సార్ అయిదు వికెట్లు తీసెను.

ఫీల్డింగు చేయుచుండగా నాయుడుగారి చేతికి గట్టి దెబ్బ తగిలెను. ఆ చేతితోనే వచ్చి 40 పరుగులు చేసిరి. ఆ ఇన్నింగ్సులో మనవారిలో అదియే అత్యధికము. కాని జట్టు 189కే ముగిసెను. రెండవ ఇన్నింగ్సులో అమర్‌సింగ్ ధైర్యముగా 51 పరుగులు సాధించినను 158 పరుగుల తేడాతో మనము ఓడిపోయితిమి. ఓడుట నిజము. అయితే మతమునుబట్టి జట్లు కట్టుకొని ఆడుకొను దేశమునుండి వచ్చిన హిందువును, ముస్లిమును, పారసీయు, సిక్కును ఆ మూడు దినములు ఒక్క టోపీ క్రింద, ఒక్క నాయకుని కనుసన్న ననుసరించి ఆడిరి. ఆ నాయకుడు రాజు గాడు, తెలుగువాడు.

ఆ వేసవి యంతయు నాయుడుగారిదే. మే నెలలో అదే లార్డ్సు మైదానమున ఎం.సి.సి. పైన ఔటు గాకుండ 118 పరుగులు చేసిరి. ఫస్టుక్లాసు ఆటలలో 1,618 పరుగులు, 65 వికెట్లు ఆయన ఆ పర్యటనలో గడించిన సంపద. సిక్సర్లే ముప్పది రెండు. బర్మింగ్‌హాములోని ఎడ్జ్‌బాస్టన్ మైదానమున ఆయన కొట్టిన బంతి యొకటి ప్రక్కనున్న ‘రీ’ అను నదిని దాటినది. ఆనాడు ఆ నది రెండు జిల్లాలకు పొలిమేర. వార్విక్‌షైరున వేసిన బంతిని వూర్స్‌టర్‌షైరున వెదకికొనవలసి వచ్చినదని అచటివారు నేటికిని చమత్కరింతురు. మన వూరి లెక్కలో చెప్పవలెనన్న చంద్రవంక కీవల నిలిచి కొట్టిన బంతి ఆవలియొడ్డున పడినట్లు. విజ్డెన్ అను ప్రసిద్ధ క్రికెట్టు సంపుటమువారు 1933లో ఆయనను ఆ యేటి అయిదుగురు శ్రేష్ఠులలో ఒకరినిగా ఎన్నుకొనిరి.

1933–34లో జార్డిన్ తన జట్టుతో మన దేశమునకు వచ్చినపుడు మూడు టెస్టులకును నాయుడుగారే నాయకులు. బొంబాయి టెస్టున లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, టెస్టులలో శతకము సాధించిన మొదటి భారతీయుడయ్యెను. రెండవప్రక్కన 67 పరుగులు చేయుచు ఆయనను నడిపించినవారు నాయుడుగారు. ఇద్దరును కలిసి 186 పరుగులు జోడించిరి. కలకత్తాలో ఆట సమమయ్యెను, బొంబాయి మదరాసులలో ఓడితిమి.

జార్డిన్ జట్టు ఆ పర్యటన మొత్తమున ఒక్కచోటనే ఓడెను, అది కాశీలో. ఓడించినది విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతిగారు కూర్చిన జట్టు, పదునాలుగు పరుగుల తేడాతో. లోకము ఈయనను ‘విజ్జీ’ యని పిలిచినది. ఇకమీదటి కథలో తెలుగువాడు తెలుగువానికే ఎదురుపడును. కథ ఇట్లు మలుపు తిరుగుట పల్నాటి పాఠకులకు వింతగా తోచదు. ఒక ఇంటివారే గురజాలయనియు మాచర్లయనియు చీలిన కథ వారు విననిదా!

గజపతిగారు క్రికెట్టునకు చేసిన సేవను కాదనరాదు. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు మహావీరులను రప్పించి తన జట్టులో ఆడించిరి. ధనమును నీళ్ళవలె వెచ్చించిరి. మైదానములకు, మంటపములకు విరాళములిచ్చిరి. ఆయన కోరినదొక్కటే, భారత జట్టునకు నాయకత్వము. 1936 ఇంగ్లండు పర్యటనకు మండలిలో ఓట్లు వేసినపుడు ఆ కోరిక నెరవేరెను. నాలుగు టెస్టులలో దేశమును నడిపిన నాయుడుగారు మరల సామాన్య సభ్యులైరి. పోరుబందరు మహారాజు తెలిసికొన్న విద్యను గజపతిగారు తెలిసికొనలేదు. తానే ఆడెదను, తానే నడిపెదనని పట్టుబట్టిరి. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు ఆడి మొత్తము ముప్పదిమూడు పరుగులు చేసిరి.

పరుగులు చేయకపోవుట నేరము గాదు. జట్టు రెండుగా చీలుట నష్టము. మైదానమున తోచనపుడు నాయుడుగారిని సలహా యడిగిన చాలును, ఆ పని జరుగలేదు. నాయుడుగారిని మెచ్చువారికి ఒక పంక్తి, గజపతిగారిని మెచ్చువారికి వేరొక పంక్తి ఏర్పడెను. అల్పాహారపు బల్లయొద్ద పదుగురి యెదుట నాయుడుగారిని అవమానించిన ఆటగానికి బహుమానముగా టెస్టులో చోటు దొరకెనని ఆ పర్యటనను గూర్చి వ్రాసినవారు చెప్పుచున్నారు. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేర మొదటి టెస్టునకు ముందే ఓడ యెక్కించి ఇంటికి పంపివేసిరి. ఆ యేటనే గజపతిగారికి ఆంగ్ల ప్రభుత్వము సర్ బిరుదమునిచ్చెను. మరుసటి యేడు ఈ పర్యటనపై విచారణ జరిపిన బోమాంట్ సంఘము ఆయన నాయకత్వమును తీవ్రముగా తప్పుపట్టెను. బిరుదము ముందు, తీర్పు వెనుక!

ఇంతటి రభసలో నాయుడుగారేమి చేసిరి? ఆయన వ్రాసిన జవాబు ఓవల్ మైదానమున ఆగస్టు మాసమున కనబడును. మొదటి ఇన్నింగ్సున ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 471 పరుగులు చేసి చాలించెను. మనవారు 222కే కూలి మరల వెంటనే ఆడవలసి వచ్చెను. నాయుడుగారి వయస్సు అప్పటికి నలుబది నిండినది. గబ్బీ అలెన్ విసరిన వేగపు బంతియొకటి ఎగసి ఆయన రొమ్మునకు తగిలెను. చూచుచున్నవారు ఇక పడిపోవుననుకొనిరి. ఆయన చేయి సైతము ఆ చోటికి పోలేదు. నిలిచి 81 పరుగులు చేసిరి. టెస్టులలో ఆయన చేసిన పరుగులలో అదియే మిక్కుటము, అదియే కడపటి టెస్టు. ఆడినవి ఏడు టెస్టులు, చేసినవి 350 పరుగులు. ఈ అంకెలనుబట్టి ఆయనను అంచనా వేయబూనిన విద్యార్థి ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. దేశమునకు టెస్టు ఆడు యోగ్యత లభించునప్పటికి ఆయనకు ముప్పదియారేండ్లు నిండినవి. మంచి ప్రాయమంతయు అప్పటికే గడచినది.

టెస్టులు ముగిసినవి గాని ఆట ముగియలేదు. నిజమునకు నాయకుడుగా ఆయన పంట పండినది ఏబదవయేట. ఇందూరును కేంద్రముగా చేసికొన్న హోల్కరు జట్టును ఆయన 1940లలో తీర్చిదిద్దిన తీరు శిల్పి పనివంటిది. ముస్తాక్ అలీ ఇందూరు వీధులలో ఆడుకొనుచున్న బాలుడుగా ఆయన కంటబడినవాడు. ఆ ముస్తాక్ 1936లో మాంచెస్టరున విజయ్ మర్చంట్‌తో కలిసి మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసి ప్రపంచమును విస్మయపరచెను. సొంత తమ్ముడు సి. ఎస్. నాయుడు లెగ్‌స్పిన్ బౌలరు. 1944–45 రంజీ ట్రోఫీ తుది పోటీలో బొంబాయిపైన ఆ తమ్మునిచేత అన్నగారు 917 బంతులు వేయించిరి! ఒక్క ఆటలో ఒక మనిషి అన్ని బంతులు వేయుట అపూర్వము. యుద్ధసేవకై వచ్చి యుండిన ఇంగ్లండు వీరుడు డెనిస్ కాంప్టన్ ఆ ఆటలో హోల్కరు పక్షమున ఔటు గాకుండ 249 పరుగులు చేసెను. అయినను బొంబాయివారే గెలిచిరి.

మరుసటి యేడు, అనగా 1945–46 తుది పోటీలో, బరోడా పైన నాయుడుగారు స్వయముగా 200 పరుగులు చేసిరి. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు దాటినవి. హోల్కరుకు మొదటిసారి రంజీ ట్రోఫీ దక్కెను. 1947–48, 1950–51, 1952–53 సంవత్సరములలో మరల మరల దక్కెను. ఈ నడుమ సంస్థానములు భారతదేశమున విలీనమైపోయినవి. రాజ్యము పోయినది, రాజుగారి పేరుతో జట్టు మాత్రము మిగిలినది, దానిని నడుపుచున్నది రాజు గాని మనిషి!

1951–52లో బొంబాయిలో తుది పోటీ. దత్తు ఫడ్కర్ వేసిన బంతి లేచి ఏబదియారేండ్ల నాయుడుగారి నోటికి తగిలెను. రెండు పండ్లు ఊడి క్రింద పడెను. చికిత్సకై పరుగెత్తుకొని వచ్చినవారిని ఆయన చేసైగతో నిలిపి, పండ్లను పిచ్చిమీదినుండి తొలగించి, బౌలరును వేగము తగ్గింపవద్దని కోరి ఆట సాగించిరట. ఉపాధ్యాయులు దీనిని ధైర్యమునకు నిదర్శనముగా చెప్పవచ్చును. నాకు మాత్రము ఇందులో ఒకింత మొండితనమును కనబడును. ఆ మొండితనమే 1932లో సాటివారిని దూరము చేసినది, ఆ మొండితనమే ఇన్నేండ్లు ఆయనను మైదానమున నిలిపినది. రెంటిని విడదీయుట సాధ్యము గాదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆ 1953–54లోనే ఆంధ్రజట్టు రంజీ ట్రోఫీలో అడుగిడినది. ఆడుట నేర్చుకొనుచున్న ఆ జట్టునకు పెద్దదిక్కుగా నిలిచి నాయకత్వము వహించినవారు నాయుడుగారే. పూర్వులు విడిచిపోయిన గడ్డకు మనుమడు ఏబదియెనిమిదవ యేట తిరిగివచ్చి పిల్లలకు ముందు నడచెను. ఆ యేడు ఆంధ్రజట్టు గొప్ప విజయములు సాధింపలేదు, సాధించునని ఎవరును ఎదురుచూడనూ లేదు.

1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదము నొసగెను. క్రికెట్టు ఆటగానికి ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము. ఎంపిక సంఘమునకు అధ్యక్షులుగను పనిచేసిరి. 1956–57లో ఉత్తరప్రదేశము పక్షమున, గజపతిగారి కాశీ యున్న ఆ రాష్ట్రపు పక్షముననే, చివరిసారి రంజీ పోటీలలో ఆడిరి. అరువదియొకటవ యేట వీనూ మన్కడ్ వంటి బౌలరును సిక్సర్లు కొట్టుచు రాజస్థానుపైన 84 పరుగులు చేసిరి. కడపటి రంజీ ఆటలో 52 పరుగులు. గజపతిగారు 1965 డిసెంబరులో పరమపదించిరి.

అంతటితో బ్యాటు గోడకు చేరవేసిరనుకొనరాదు. 1963–64లో నాగపూరున ధర్మార్థముగా ఒక ఫస్టుక్లాసు ఆట జరిగెను. మహారాష్ట్ర గవర్నరు జట్టునకును ముఖ్యమంత్రి జట్టునకును పోటీ. పుట్టిన ఊరిలో, అరువదియెనిమిదవ యేట, తన మనుమల యీడువారి నడుమ నాయుడుగారు తెల్లదుస్తులు ధరించి మైదానమునకు దిగిరి. నాలుగేండ్ల తరువాత, 1967 నవంబరు 14వ తేదీన, ఇందూరునందు కన్నుమూసిరి.